మామ గోడ మీది ఏడో మేకు

మామ పోయారని నాకు తెలిసింది ఒక మంగళవారం పొద్దున. తుడియలూరు నుంచి అత్త ఫోన్ చేసింది. "అమ్మిణీ, మామ పోయినారు. కాఫీ తాగినారు, గ్లాసు కింద పెట్టినారు, గోడకి ఆనుకున్నారు. అంతే" అంది. ఆ తర్వాత ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది. నా ముందు కంప్యూటరు తెర మీద నాలుగు దేశాల మనుషులు సహాయ పుటలు ఏ వరుసలో ఉండాలో వాదించుకుంటున్నారు. వాళ్లకి ఒక్క మాటైనా చెప్పకుండా లేచి, చెప్పులు వేసుకుని, సింగానల్లూరు బస్టాండుకి నడిచాను.

ఆయన మా నాయన అక్కకి భర్త. సింగానల్లూరులో ఒక నూలు మిల్లులో కరెంటు పని చూసేవారు. మిల్లు మూతపడ్డాక తుడియలూరు వెళ్లి పంపుసెట్ల వర్క్‌షాపులో మోటార్లు పరీక్షించేవారు. పెద్ద చదువు లేదు, ఆయన పేరు ఎన్నడూ పేపర్లో పడలేదు. అయినా ఈ నాలుగు మాటలు రాస్తున్నానంటే, మీలో కొందరికి మీకు తెలియకుండానే ఆయన మేలు చేశారు కనుకనే. మేము రాసే సహాయ పుటలు ఎప్పుడైనా తెరిచి ఉంటే, ప్రతి పుటకీ పైన ఎడమ మూల ఎర్రటి డబ్బా ఒకటి కనిపించే ఉంటుంది. దాని మీద 'ఆపు' అని ఉంటుంది. అది పెట్టించింది మామ.

ఆ పుటలేమిటో తెలియనివాళ్ల కోసం నా పని గురించి రెండు ముక్కలు చెబుతాను. కంప్యూటరులో శబ్దాలు తయారు చేయడానికి ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. అందులో బారెడు బారెడు కోడు రాయనక్కర్లేదు. తెర మీద చిన్న చిన్న డబ్బాలు పెట్టి, వాటిని గీతలతో కలుపుతాం. ఒక డబ్బా శబ్దం పుట్టిస్తుంది, ఒకటి దాన్ని పెంచుతుంది, ఒకటి స్పీకరుకి పంపుతుంది. సంగీతం చేసేవాళ్లు, బడి పంతుళ్లు, బొమ్మలు తయారుచేసేవాళ్లు, ఎవరైనా వాడుకోవచ్చు. ఒక్కో డబ్బాకి ఒక్కో సహాయ పుట ఉంటుంది, వాడకం తెలియనివాళ్లు చూసుకోవడానికి. ఆ పుటలు రాసి, వరుసలో పెట్టే కొద్దిమందిలో నేనొకదాన్ని. జీతం లేని పని. తిట్లు మాత్రం నెలనెలా తప్పకుండా వస్తాయి.

మామ గురించి నాకు గుర్తున్న మొట్టమొదటి సంగతి ఆయుధపూజ రోజుది. ఏడాదికి ఆ ఒక్క రోజు మిల్లులోకి పిల్లాజెల్లల్ని రానిచ్చేవాళ్లు. మిషన్లన్నిటికీ పసుపు, కుంకుమ, అరటి పిలకలు. అందరికీ కాగితపు పొట్లాల్లో బొరుగులు, శనగలు. నేను నేరుగా ఒక మిషను దగ్గరికి పోయి దాని పిడి మీద చెయ్యి వేశాను. మామ అరవలేదు. నా చెయ్యి పట్టుకుని పక్కనున్న ఎర్ర గుండీ మీద పెట్టారు. "ఏ మిషను కాడికి పోయినా, మొదుల ఆపేది ఏడుండాదో చూడు అమ్మిణీ. నడిపేది అప్పురం ఎవురైనా చెప్తారు" అన్నారు. నాకప్పుడు ఆరేళ్లు. బొరుగుల మీదున్న ధ్యాస ఆ మాట మీద లేదు.

ఆయన చెవితో బతికిన మనిషి. మోటారు తిరుగుతుంటే స్క్రూడ్రైవరు కొస దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవారు. ఇంట్లోనూ అదే వరస. కొత్త కాఫీ గ్లాసు కొంటే గోటితో మీటి వినేవారు. పెళ్లిళ్లకి కూడా చొక్కా జేబులో టెస్టరు పెట్టుకునే వచ్చేవారు. ముహూర్తం వేళ మైకు గీపెడితే అందరూ పురోహితుడి వైపు చూసేవాళ్లు, మామ మాత్రం వైరు ఎటు పోయిందో చూసేవారు. పెన్సిలు హాక్సా బ్లేడుతో చెక్కుకునేవారు. జిరాక్సు అంగడాయన దగ్గర్నుంచి మనవడి వయసు కండక్టరు దాకా అందర్నీ 'అండీ' అన్నట్టు తమిళ మర్యాదతో "ఏమ్ంగ, సరింగ" అనే పలకరించేవారు. అంత చెవి ఉన్న మనిషికి మిల్లు మోతలోనే ఎడమ చెవి పోయింది. కుడి చెవి కూడా ఏడాదికేడాది తగ్గుతూ వచ్చింది.

మూడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం వాళ్లింట్లో కూర్చుని నా పని చేసుకుంటున్నాను. మామ వెనక నుంచి వచ్చి నిలబడ్డారు.

"ఇది వైరింగు పటం మాదిరి ఉండాదే."

"పటమే మామా. కరెంటు బదులు సద్దు పారుతుంది."

ఆయన కళ్లజోడు సరిచేసుకుని, తెరకి వేలు తగలకుండా గీతల వెంబడి వేలు పోనిచ్చారు. "ఈ తీగ ఈడికి కదా పోవాల? నువ్వు ఆడ కలిపినావు" అన్నారు. నిజమే. ఆ తప్పు కోసం నేను ఒక పూటంతా వెతుకుతున్నాను. గీత మార్చగానే స్పీకరులోంచి శబ్దం వచ్చింది. మామ నవ్వలేదు, గర్వపడలేదు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు.

అప్పుడు అడిగారు, దీంట్లో మిల్లు సంగు చేయడానికి అవుతుందా అని. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్ని మా వైపు సంగు అంటారు. ఆ మిల్లు సంగు ఆయన చేతి కిందిదే. మోగించిందీ ఆయనే, నూనె పోసి చూసుకున్నదీ ఆయనే. మా ఊళ్లో వంటలు, స్నానాలు, బడి గంటలు అన్నీ దానితోనే నడిచేవి. మిల్లు పడగొట్టిన రోజున సంగు ఏ పాత ఇనుములో కలిసిపోయిందో ఎవరికీ తెలియదు. "ఈ చెవి పూరా పోయే లోపల ఒక్క తూరి వినాల అమ్మిణీ. వేరే ఆశ ఏమీ లేదు" అన్నారు మామ. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి అడిగిన ఒకే ఒక్క కోరిక అది.

నేను చేసి ఇస్తానన్నాను. వద్దన్నారు, తానే చేసుకుంటానన్నారు. ఆయన ఎదురుగానే కూర్చుని ప్రోగ్రామును వాళ్ల పాత కంప్యూటరులో ఎక్కించి, సహాయ పుటలు ఎక్కడున్నాయో చూపించి వచ్చాను. పని అయిపోయిందనుకున్నాను.

మూడు వారాల తర్వాత వెళ్తే, బల్ల మీద రెండు ఇటుకల మందాన కాగితాల కట్ట. పుటలన్నీ ప్రింటు తీయించుకుని, మొదటి అక్షరం నుంచి వరసగా చదువుకుంటూ వస్తున్నారు. మోటారు పుస్తకాలు చదివి చదివి వచ్చిన ఇంగ్లీషు ఆయనది. మా పుటలేమో డబ్బాల పేర్ల ప్రకారం ఇంగ్లీషు అక్షరక్రమంలో ఉన్నాయి. మూడు వారాలకి మామ రెండో అక్షరంలో ఉన్నారు. పుస్తకం పూర్తిగా చదవకుండా మిషను ముట్టుకోకూడదన్నది ఆ తరం మిల్లు మనుషుల పట్టు. నాకు నవ్వు వచ్చింది, ఆపుకోలేకపోయాను.

"నవ్వకు" అన్నారు. "మిషను చెడితే వచ్చినవాడు దాని పేరు అడుగుతాడా? ఏమి కష్టం అని అడుగుతాడు. మీరు పేర్లు మాత్రం రాసి పెట్టుండారు. కష్టం ఏడ రాసినారు?"

పదేళ్లుగా ఆ పుటలు రాస్తున్నదాన్ని నేను.

ఆ తర్వాతి సారి వెళ్లేసరికి కాగితాలు గోడెక్కాయి. వర్క్‌షాపులో రిపేరు చీటీలు మేకులకి గుచ్చి వేలాడదీస్తారు, ఒక్కో రకం జబ్బుకి ఒక్కో మేకు. మామ ముందు గదిలో గోడకి వరసగా ఏడు మేకులు కొట్టి, మా పుటలన్నీ విడదీసి గుచ్చేశారు. ప్రతి మేకు మీదా ఒక చీటీ. మా ఇళ్లలో మాట తెలుగు, బడి తమిళం కాబట్టి, తమిళ అక్షరాల్లో మన మాట రాసుకుంటాం. చీటీలూ అట్లాగే ఉన్నాయి. మొదటి మేకు 'ఆపేది'. రెండోది 'సద్దు రాలేదు'. మూడోది 'సద్దు చీలతాది'. తర్వాత 'సద్దు ఎక్కాల', 'రెండు సద్దులు కలపాల', 'అంకె మార్చాల'. ఏడో మేకు మీద చీటీ ఉంది, కింద కాగితం లేదు. చీటీ మీద 'సద్దు దిగాల' అని ఉంది.

గోడ పాడుచేశారని అత్త ఒక పక్క గొణుగుతూనే ఉంది. నేను మాత్రం ఆ గోడని ఫోటో తీసి మా బృందానికి పంపాను. మొదట అందరూ నవ్వారు, నేను నవ్వినట్టే. తర్వాత తగువు మొదలైంది. అన్నదమ్ములు ఆస్తి పంచుకుని రాజీ పడొచ్చు గానీ, సూచిక ఏ వరుసలో ఉండాలన్న దగ్గర రాజీ పడే మనుషుల్ని నేను చూడలేదు. నెలల తరబడి కొట్టుకున్నాం. చివరికి మామ మేకులే గెలిచాయి. ఇప్పుడు మా పుటల్లో ముందు కష్టాలు ఉంటాయి, కష్టం కింద డబ్బాల పేర్లు ఉంటాయి. శబ్దం ఉన్నట్టుండి చెవులు పగిలేలా వస్తే ఏం చేయాలో తెలియక బెదిరిపోయి మానేసేవాళ్లు మునుపు చాలామంది ఉండేవాళ్లు. ఇప్పుడు పుట తెరవగానే ఎర్ర డబ్బా కనబడుతుంది. తగువు తేలకముందే అందరూ ఒప్పుకున్నది ఆ డబ్బా ఒక్కటే. ఆ సంగతి చెబితే మామ, "అది మీకు ఇన్నాళ్లు తెలీదా?" అని మాత్రం అన్నారు.

ఇక ఏడో మేకు సంగతి. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది.

మామ సంగు దాదాపు తయారైంది. గీతలన్నీ గళ్ల నోటు పుస్తకంలో ముందు పెన్సిలుతో వేసుకుని, తర్వాతే తెర మీద వేసేవారు. కింది నుంచి మెల్లగా లేచి, ఇంటి కప్పు దాటి పైకెక్కే ఆ కూత మొదటిసారి విన్నప్పుడు నా చూపు తెలియకుండానే గడియారం మీదికి పోయింది. అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. మామ పెద్ద స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. చెవికి అందనిది చెయ్యికి అందుతుందనేవారు. తర్వాత తన పటంలోనూ మూలన పెట్టుకున్న ఎర్ర డబ్బా నొక్కారు. కూత టక్కున తెగిపోయింది.

"ఇది కాదు" అన్నారు మామ. "సంగు ఇట్ల నిలవదు. కరెంటు తీసినా లోపల చక్రం తిరుగుతానే ఉంటాది. నిదానంగా దిగుతాది. బయటోళ్లకి వినపడేది నిలిచిపోతాది, నేను ఇనుము మీద చెయ్యి పెట్టుకోని ఉంటా. వాళ్లకి అయిపోయింది, నాకు ఇంకా ఉండాది. అది రావాల."

దానికి డబ్బా ఉంది. ఒక అంకె నుంచి ఇంకో అంకెకి మెల్లగా, చెప్పినంత సేపట్లో, దించుకుపోయే డబ్బా. దాని పుటా ఉంది, కానీ ఎవరో లెక్కల మేధావి రాసినది. చదివితే శబ్దానికీ దానికీ సంబంధం ఉందని ఎవరికీ తోచదు. మామ దాన్ని చదివి, 'అంకె మార్చాల' మేకుకి గుచ్చేసి ఊరుకున్నారు. తప్పు ఆయనది కాదు.

"చాలా సులభం మామా, చెప్తా వినండి" అని నోరు తెరిచాను. ఆయన అరచెయ్యి అడ్డం పెట్టారు.

"నోటితో చెప్పొద్దు. నోటి మాట ఒకడికి, మేకు మాట షిఫ్టుకంతా. రాసి తే. ఆ మేకుకి పెడదాం. అప్పురం నేనే చూసి చేస్తా."

"వచ్చే వారం తెస్తా" అన్నాను.

వచ్చే వారం తేలేదు. ఆ పై వారమూ తేలేదు. మా బృందంలో వరుస తగువు ఇంకా నడుస్తోంది. ఆ పుట ఏ కష్టం కింద పెట్టాలో తేలనిదే రాయడమెందుకు అనుకున్నాను. అది సాకు. ప్రతి ఆదివారం మామ ఫోన్ చేసేవారు. చెవి వినపడదు కాబట్టి తాను చెప్పాల్సింది గట్టిగా చెప్పి, నా జవాబు అత్త చేత చెప్పించుకునేవారు. "ఏడో మేకు ఖాళీగా ఉండాది అమ్మిణీ." "రాస్తా ఉండా మామా." ఒక్క అక్షరం రాయలేదు నేను. ఎనిమిది నెలలు ఆ అబద్ధమే ఆడాను. అబద్ధమని ఆయనకి తెలుసనుకుంటాను. అయినా ఒక్కనాడూ కసురుకోలేదు.

ఆఖరుసారి చూసినప్పుడు ఆయన చెవికి కొత్త మిషను ఉంది. కాసేపటికే తీసి జేబులో వేసుకున్నారు, టెస్టరు పక్కన. "ఇది అంతా ఒకే ఎత్తులో చెప్తాది, దీనికి ఎక్కువ తక్కువ తెలీదు" అన్నారు. పుట సంగతి ఆయనే ఎత్తారు. "నీకు పనీ వేలై ఎక్కువ. పరవాలేదు. నాకోసరం తొందర పడొద్దు. నేను లేకపోయినా ఎవుడో ఒకడు ఆ కష్టంతో వస్తాడు కదా. వాడికన్నా దొరకాల." ఆ మాట ఆయన బస్సు టైము చెప్పినట్టు మామూలుగా చెప్పారు. ఆ రోజు అక్కడే కూర్చుని రాసి ఉంటే ఆయన సంగు దిగడం విని ఉండేవారు. బస్సు పోతుందని లేచి వచ్చేశాను.

మంగళవారం నేను వెళ్లేసరికి ఇల్లు మనుషులతో నిండిపోయింది. వర్క్‌షాపు వాళ్లంతా మిషన్లు ఆపి వచ్చారు. తలుపు దగ్గర చెప్పులు దాటుకుంటూ లోపలికి పోతే మొదట నా కంటబడింది గోడే. ఆరు మేకులకి కాగితాలు, ఏడో మేకుకి ఉత్త చీటీ. నేను మామ ముఖం చూసే ముందు అది చూశాను. అత్త నా చెయ్యి పట్టుకుని ఆయన పక్కన కూర్చోబెట్టింది. అప్పుడు ఏడ్చాను.

పదహారో నాటి కర్మకి ఇంటికి సున్నం వేయాలన్నారు. మామ తమ్ముడు కటింగు ప్లేరు తెచ్చి మేకులు పీకబోతే అత్త అడ్డం వచ్చిందట. "ఆ గోడ వదిలేయండి. అమ్మిణి ఒక కాగితం తేవాల" అందట. ఆ మాట ఫోన్లో నాకు చేరింది. వెంటనే కూర్చున్నాను. పుట పూర్తవడానికి మూడు గంటలు పట్టింది. ఎనిమిది నెలలు వాయిదా వేసింది ఆ మూడు గంటల పనిని. పుటలో ఉదాహరణగా మామ సంగునే పెట్టాను. ఆయన కంప్యూటరు నుంచి తెచ్చుకున్న పటంలో ఒక్క గీత కూడా మార్చలేదు. చివర్లో దించే డబ్బా ఒకటి కలిపాను, అంతే. మీకు దొరికే కాపీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంది. మేకు కోసం మాత్రం తమిళ అక్షరాల్లో, మా ఇంటి మాటలో వేరే ప్రతి రాసుకున్నాను.

పదహారో నాడు భోజనాలయ్యి, చుట్టాలు బస్సులెక్కాక, అత్తకి ఆ కాగితం ఇచ్చాను. ఆవిడ వెలుతురులోకి పట్టుకుని, పెదవులు కదుపుతూ చదివింది.

"ఆపేది మొదుల రాసినావా?"

"రాసినా అత్తా. పైన ఉండాది చూడండి."

చూసింది. సరేనన్నట్టు తల ఊపి, తానే స్టూలు జరుపుకుని ఎక్కి ఏడో మేకుకి గుచ్చింది. తర్వాత దిగి, మామ కూర్చునే కుర్చీలో కూర్చుని, "ఒక తూరి పెట్టు, వింటా" అంది.

పెట్టాను. సంగు కింది నుంచి లేచింది, ఎక్కింది, ఇల్లంతా నిండింది. పక్కింటి పెద్దాయన ప్రహరీ అవతల నుంచి తొంగి చూశారు. అత్త స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించింది. అట్లా చేయమని ఎవరూ చెప్పలేదు. కూత పైన కాసేపు నిలిచి, దిగడం మొదలుపెట్టింది. నిదానంగా, మామ చెప్పినట్టే, చక్రం తన బరువుకి తానే నెమ్మదించినట్టు దిగింది. కూత మూలుగైంది, మూలుగు గొణుగుడైంది. ఆ తర్వాత నాకేమీ వినపడలేదు. అయిపోయిందనుకుని కంప్యూటరు మూయబోయాను.

"ఉండు అమ్మిణీ" అంది అత్త. చెయ్యి తీయలేదు. "ఇంకా ఉండాది."

నేను ఆవిడ చెయ్యి పక్కన నా చెయ్యి పెట్టాను.